తగ్గించుకుంటూ రండి

మా అత్తగారి దృష్టిలో రోగానికి రెండే అవస్థలు. ఉండడం, తగ్గడం. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, ఆయాసం తగ్గింది. తగ్గిందంటే ఇక లేదని అర్థం. సగం తగ్గింది, పావు తగ్గింది లాంటి బేరాలు ఆవిడ ఒప్పుకోదు. మనవాళ్ళలో చాలామందిది ఇదే పద్ధతని నాకూ తెలుసు. అయినా ఈ ఒక్క మాట మూలంగా చావు గుమ్మం దాకా వెళ్ళి వచ్చినదాన్ని కాబట్టి నాకు దీని మీద మంట. ఇప్పటికీ ఎవరైనా "తగ్గిందా?" అని పలకరిస్తే, "ఏది?" అని ఎదురు అడుగుతాను. తిక్కదనుకుంటారు. అనుకోనివ్వండి.

నాకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. మాది విజయనగరం వైపు పల్లె. తొంభైల మధ్యలో నన్ను చూసుకోవడానికి పెళ్ళివారు వచ్చినప్పుడు మా అమ్మ ఇచ్చిన సలహా ఒకటే. "ఆళ్ళు ఎల్లేదాకా గట్టిగా ఊపిరి తియ్యకే" అంది. గంటసేపు చీర కుచ్చిళ్ళ వంక చూస్తూ పొదుపుగా ఊపిరి పీల్చాను. "గుంట ఎంత నెమ్మదో!" అని మా అత్తగారు మురిసిపోయింది. ఆ నెమ్మది ఎంత సంబడమో ఆవిడకు మొదటి చలికాలంలోనే తెలిసొచ్చింది.

మా అత్తవారిది కొండల మీద కిరాణా కొట్టు. పెదబయలు దాటి ముంచింగిపుట్టు వెళ్ళే దారిలో, వారానికోసారి సంత జరిగే ఊరు. కిందనుంచి వచ్చి రెండు తరాలుగా అక్కడ వ్యాపారం చేస్తున్నారు కానీ, అక్కడివాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు మాత్రం నిన్ననే బస్సు దిగినట్టు మాట్లాడతారు. "కొండగాలి, ఆరోగ్యం" అని మా బంధువులంతా నా అదృష్టానికి కుళ్ళుకున్నారు. కుళ్ళుకోరూ మరి! పొద్దున తొమ్మిది దాకా మంచు. కొట్టులో ఎండుమిరప గోతాలు, పసుపు గోతాలు, చింతపండు, వాటి మీద దుమ్ము. ఇంట్లో కట్టెల పొయ్యి. నాకు ఆయాసం వచ్చిందంటే మా అత్తగారు చేసే మొదటి వైద్యం సాంబ్రాణి పొగ. రెండో వైద్యం ఇంకాస్త సాంబ్రాణి పొగ.

ఆ మొదటి పుష్యమాసంలో ఊపిరి అందక మంచం పట్టెలు పట్టుకుని కూర్చున్నాను. మా కొట్టుకు ఎదురుగా మందుల కొట్టు ఉంది. దాని ఆసామి మాకు దూరపు చుట్టం, వరసకు మా ఆయనకు బావ. ఏం చదివాడో ఎవరికీ తెలియదు, అడిగే ధైర్యమూ ఎవరికీ లేదు. ఊరంతా డాక్టరు బావ అనేవారు. మెడలో స్టెతస్కోపు ఉండేది. దాన్ని చెవుల్లో పెట్టుకోగా నేను చూడలేదు. ఆయన ఒక సూది పొడిచి, పొట్లం కట్టిన తెల్ల పొడి ఇచ్చి, రెండు రోజులు చూసి, "విశాఖపట్నం తీసుకుపోండి, నా చెయ్యి దాటిపోయింది" అన్నాడు. ఆ ఒక్క ముక్కా నిజం చెప్పాడు పాపం.

అరకు దాకా జీపు, అక్కణ్ణుంచి పాసింజరు రైలు. బొర్రా దాటాక సొరంగాలు మొదలవుతాయి. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని టూరిస్టులు ఓ అని కేకలు, ఈలలు. వాళ్ళకి అంత గాలి ఎక్కణ్ణుంచి వస్తోందో అర్థంకాక నాకు ఏడుపొచ్చింది. నిజంగా ఏడ్చాను. ఆయాసంలో ఏడవడం ఎంత కష్టమో ఏడ్చినవాళ్ళకే తెలుస్తుంది.

విశాఖలో పెద్ద డాక్టరుగారు. ఆయన గదిలోకి వెళ్ళడానికి పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది, రావడానికి మాత్రం చీర సర్దుకునేంత టైము కూడా పట్టలేదు. పీల్చే మందు ఒకటి రాశారు. "ఇది రోజూ, బాగున్నా సరే పీల్చాలి" అన్నారు. ప్రెడ్నిసోలోన్ అనే చిన్న తెల్ల బిళ్ళలు రాశారు. "పొద్దున టిఫిను తిన్నాక నాలుగు బిళ్ళలు. పది రోజులు. తర్వాత తగ్గించుకుంటూ రండి" అన్నారు. బల్ల మీద గంట కొట్టారు. మా వెనకాల మనిషి అప్పటికే లోపలికి వచ్చేశాడు.

బయట బెంచీ మీద కూర్చుని మా అత్తగారు, మా ఆయన, నేను ఆ చివరి మాటకు అర్థం చెప్పుకున్నాం.

"తగ్గించుకుని రమ్మన్నాడు" అంది మా అత్తగారు. "అంటే ఆయాసం తగ్గాక రమ్మన్నాడు. తగ్గిపోయాక మల్లీ ఎందుకొత్తాం, మనకేటి పనీపాటా నేదా?"

"అంతే కదా" అన్నాడు మా ఆయన. ఆయన జీవితంలో సగం మాటలు అవే.

బిళ్ళలు నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు, అలా కొంచెం కొంచెంగా తగ్గించి మానెయ్యాలని ఆయన ఉద్దేశం. చీటీలో అదీ రాశారట, కోడి గీకినట్టున్న ఆ రాతను మేమెవరం చదివాం? ఇంటర్ పాసైన నేను కూడా, "రోగం తగ్గించుకుని రండి" అనే అన్నారనుకున్నాను. ఇద్దరం తెలుగులోనే మాట్లాడుకున్నాం, డాక్టరూ నేనూ. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఇక ఇంటికి వచ్చాం. పీల్చే మందును మా అత్తగారు రెండు రోజులు అనుమానంగా చూసి, తువ్వాల్లో చుట్టి బీరువాలో చీరల కింద పెట్టేసింది. "అది ఎట్టుకుంటే అలవాటైపోద్ది. గంజాయి పీల్చీవోళ్ళని సూళ్ళేదేటి?" అంది. కొత్తకోడలు నలుగురిలో నోట్లో గొట్టం పెట్టుకుంటే పరువు కూడా పోతుందట. బిళ్ళలు మాత్రం పెద్దమనిషి తరహా. మంచినీళ్ళతో మింగితే ఎవరికీ తెలియదు. కాబట్టి రోజూ వాడమన్న మందు బీరువాలో పడుకుంది, పది రోజులు వాడి తగ్గించమన్న మందు నా పొట్టలో కాపురం పెట్టింది.

ఏమాటకామాట చెప్పుకోవాలి, బిళ్ళలు పనిచేశాయి. మూడో రోజుకు ఆయాసం లేదు. వారానికి మేడెక్కి పసుపు కొమ్ములు ఆరబోశాను. తెచ్చిన బిళ్ళలు అయిపోతే డాక్టరు బావ వెయ్యి బిళ్ళల డబ్బాలోంచి చేత్తో తీసి కాగితంలో పోసి ఇచ్చేవాడు. చీటీ అడగడం ఆయన మర్యాదకు భంగం. "ఇది ఎంత మంచి మందో తెలుసా చెల్లెమ్మా? దేనికైనా పనిచేస్తుంది" అనేవాడు. దేనికైనా పనిచేసే మందును చూసి భయపడాలని నాకప్పుడు తెలియదు. రోజూ నాలుగు. ఉగాది వచ్చింది, నాలుగే. వానలు పడ్డాయి, నాలుగే.

ఈలోగా ఆకలి మొదలైంది. అబ్బో, ఆకలంటే ఆకలా! పొద్దున ఏడింటికి నాలుగు రొట్టెలు, పదింటికి చద్దన్నం, మధ్యాహ్నం రెండు వాయల అన్నం. ఎలకపిల్లలా ఉన్న కోడలు ఇలా తింటుంటే మా అత్తగారి ఆనందం చూడాలి. నా ముఖం గుండ్రంగా అయింది. బుగ్గలు ఉబ్బి కళ్ళు లోపలికి పోయాయి. మెడ వెనక కండ లేచింది. పొట్ట వచ్చింది, చేతులు కాళ్ళు మాత్రం పుల్లల్లాగే ఉండిపోయాయి. పైపెదవి మీద నూగు మీసం. ఎక్కడ తగిలినా నల్లగా కమిలేది. నిద్ర పట్టేది కాదు, ఊరికే కోపం వచ్చేది. కోపం ముందునుంచీ ఉన్నదే, దానికి బలం వచ్చింది.

"మా కోడలు ఒళ్ళు సేసింది!" అని మా అత్తగారు సంతంతా చాటింది. "మా ఇంటి నీళ్ళు అలాంటివి." ఆ ఊళ్ళో కింద నుంచి వచ్చిన షావుకార్ల ఇళ్ళలో ఒళ్ళు చెయ్యడమంటే పెద్ద సర్టిఫికెట్టు. అత్తవారు బాగా చూసుకుంటున్నారని పుట్టింటికి పంపే రుజువు. నన్ను అరకు తీసుకెళ్ళి స్టూడియోలో ఫొటో తీయించి మా అమ్మకు పంపారు. మా అమ్మ ఆ ఫొటో చూసి, "మా అమ్మాయేనా?" అని ఉత్తరం రాసింది. దాన్నీ మా అత్తగారు మెచ్చుకోలు కిందే జమకట్టింది. నేను మాత్రం? అద్దంలో చూసుకుని మురిసిపోయాను. పుట్టి బుద్ధెరిగాక ఎముకలపోగు అనిపించుకున్నదాన్ని, మొదటిసారి నలుగురూ నా బుగ్గల్ని పొగుడుతుంటే అందులో రోగం వెతుకుతానా?

మా కొట్టుకు ప్రతి సంతకీ ఒక కొండమనిషి వచ్చేది. మా ఊరికి పై కొండ మీద పదిపదిహేను గడపల ఊరు ఆవిడది. విస్తర్లు కుట్టే అడ్డాకుల కట్టలు, పిప్పళ్ళు, ఒక్కో వారం చీపురుపుల్లలు తెచ్చేది. నాకంటే పదిహేనేళ్ళయినా పెద్దది. అయినా మా ఇంట్లో చిన్నా పెద్దా అందరం ఆవిడను నువ్వు అనే పిలిచేవాళ్ళం. ఆవిడ అందరినీ సావుకారమ్మ, సావుకారిబాబు అనేది. పొయ్యి పొగకు ఆవిడకూ దగ్గు.

వానాకాలంలో ఒక సంత రోజు ఆవిడ తలమీది కట్ట దించి, నన్ను తేరిపార చూసింది. చూసి చూసి అంది, "ఏటి సావుకారమ్మా, నీ మొకం అలగైపోనాది? బాగా ఉబ్బిపోనాది. మంచిది కాదమ్మా. బేగి తగ్గించుకో."

కొట్టులో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. డాక్టరు బావ కూడా అక్కడే ఉన్నాడు, పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఉబ్బడం కాదే, ఒళ్ళు సెయ్యడం అంటారు దాన్ని. తిండి ఉన్న ఇళ్ళల్లో మనుషులు ఇలాగే ఉంటారు" అంది మా అత్తగారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు నా చెవుల్లోనే వినపడుతుంది, సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది.

ఆవిడ నవ్వలేదు. "నాకేటి తెలుసు గానీ, మా ఊళ్ళో ఒకామెకి మొకం ఇలాగే ఉబ్బింది. బతకనేదు" అంది.

ఇంకేముంది! ఆ సాయంత్రం మా అత్తగారు దిష్టి తీసింది. ఉప్పు, ఎండుమిరపకాయలు నా చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. ఉబ్బసం మనిషిని పొయ్యి ముందు కూర్చోబెట్టి మిరపకాయలు కాల్చిన వైద్యం ఇంకెక్కడైనా ఉందా? నాకు దగ్గు, మా ఆయనకు దగ్గు, పక్కింటి వాళ్ళకు దగ్గు. మా అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ, దగ్గుతూ, "సూసినావా, ఘాటే నేదు! ఎంత దిష్టి తగిలిందో!" అంది. కొండవాళ్ళు చెట్టుమందులు నమ్ముతారని, వాళ్ళ పూజారి చెప్పినట్టల్లా ఆడతారని మా ఇంట్లో వెక్కిరించని రోజు లేదు. వెక్కిరించే మేం మాత్రం పేరు లేని పొట్లాల్లోంచి ఏం మింగుతున్నామో అడగలేదు.

మరుసటి సంతకి ఆవిడ దగ్గుతూ వచ్చింది. నాకు దాతృత్వం పొంగుకొచ్చింది. నిజం చెప్పాలంటే అది దాతృత్వం కాదు, పంతం. ఈవిడకూ దగ్గు తగ్గి, నాలాగే ఒళ్ళు చేస్తే, అప్పుడు తెలుస్తుంది అనుకున్నాను. నా పొట్లంలోంచి వారానికి సరిపడా బిళ్ళలు తీసి చేతిలో పోశాను. "రోజుకి రెండు, తిన్నాక. నాకు తగ్గింది, నీకూ తగ్గుతుంది" అన్నాను. ఆవిడ రెండు చేతులూ పట్టి తీసుకుని, కొంగున ముడి వేసుకుంది. ప్రతి సంతకీ ఇదే తంతు. మూడు నెలలు. ఎంత పుణ్యాత్మురాలినో అని నాకు నేనే మురిసిపోయేదాన్ని.

ఇంతలో దసరా వచ్చింది. నాకు తగ్గితే ఊరి అమ్మవారికి చీర, కోడి ఇస్తానని మా అత్తగారు చలికాలంలోనే మొక్కుకుంది. ఇప్పుడు తగ్గింది కదా. ఆవిడా నేనూ చెప్పుల్లేకుండా కొండెక్కి మొక్కు తీర్చి వచ్చాం. గుమ్మంలో కాళ్ళు కడుక్కోగానే ఆవిడ చేసిన మొదటి పని, నా బిళ్ళల పొట్లం తీసుకెళ్ళి కాలవలో పారెయ్యడం.

"ఇంకా మింగితే అమ్మోరిని నమ్మనట్టు" అంది. "తగ్గిపోయాక మందేటి?"

నాకూ సబబుగానే తోచింది. తొమ్మిది నెలలుగా రోజూ మింగినదాన్ని ఒక్క పూటలో మానేశాను.

రెండు రోజులు మామూలే. మూడో రోజు కాళ్ళలో సత్తువ లేదు. కొండెక్కిన అలసట అన్నారు. నాలుగో రోజు మంచం మీంచి లేస్తే కళ్ళు చీకట్లు కమ్మాయి. కడుపులో నొప్పి, తిన్నది తిన్నట్టు వాంతి. పొద్దున్నే నాలుగు రొట్టెలు తిన్నదాన్ని, నీళ్ళు చూస్తే భయం. డాక్టరు బావను పిలిచి, మందులన్నీ మానేశామని చెప్పారు. "మంచి పని చేశారు, వేడి దిగుతోంది" అన్నాడు. ఆరో రోజు ఆయాసం తిరగబెట్టింది. గోళ్ళు నల్లబడుతుంటే మా ఆయన నన్ను ఎత్తుకుని జీపులో పడుకోబెట్టాడు. "అంతే కదా" అనలేదు. ఘాటు రోడ్డు దిగినంతసేపూ నా చెయ్యి వదలకుండా కూర్చున్నాడు. అదొక్కటీ ఆయన ఖాతాలో ఉంచాను.

విశాఖ ఆసుపత్రిలో నన్ను చూసింది ఒక చిన్న డాక్టరమ్మ. నా వయసే ఉంటుంది. "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగింది.

"ఏ మందులూ నేవమ్మా! దేవుడి దయవల్ల అన్నీ మానిపించీసినాం" అంది మా అత్తగారు గర్వంగా.

డాక్టరమ్మ వినలేదు. నా గడ్డం పట్టుకుని ముఖం దీపం వైపు తిప్పింది. "ఈ ముఖం ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అంది.

ఏడాదిలో నా ముఖం చూసి అలా అడిగిన రెండో మనిషి ఆవిడ. ఆ సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు. బిళ్ళల సంగతి మా ఆయన చెప్పాడు. ఎన్ని, ఎన్నాళ్ళు, ఎప్పుడు మానేసిందీ. వింటూనే ఆవిడ నర్సుని కేకేసి సూది మందు ఎక్కించింది, సెలైను పెట్టించింది. మర్నాటికి నేను మనిషినయ్యాను. అప్పుడు మంచం పక్కన నిలబడి మా ముగ్గురినీ కలిపి తిట్టింది.

"ఆ మందు లాంటిది మన ఒంట్లోనే రోజూ తయారవుతుందండీ. మీరు నెలల తరబడి బయటినుంచి మింగితే లోపల తయారీ మూలపడుతుంది. మీరేమో ఒక్కసారిగా మానేశారు. బయటిదీ లేదు, లోపలిదీ లేదు. ఇంకో పూట ఆలస్యమైతే ప్రాణం పోయేది. నాలుగు మూడు చెయ్యాలి, మూడు రెండు చెయ్యాలి, అదీ మేం చెప్పినన్నాళ్ళకు. లోపలిది మళ్ళీ మేలుకోవాలి కదా. తగ్గించుకుంటూ రావడం అంటే అది!"

"బిళ్ళలనా?" అన్నాను.

"మరి దేన్ని అనుకున్నారు?"

మా అత్తగారు నా వంక చూసింది, నేను మా ఆయన వంక చూశాను. ఎలా చెప్తాం?

తర్వాత ఒకటొకటిగా బయటపడ్డాయి. రక్తంలో చక్కెర పెరిగింది. ఎముకలు పలచబడతాయట. ఆ గుండ్రటి ముఖం, ఆ ఆకలి, ఆ మీసం, ఆ నిద్రలేమి, అన్నీ ఆ బిళ్ళల పుణ్యమేనట. మా ఇంటి నీళ్ళకు ఇందులో ఏ భాగమూ లేదని తేలింది. "ఆయాసం ముంచుకొచ్చినప్పుడు కొద్ది రోజులు ఈ బిళ్ళలు ప్రాణం కాపాడతాయి. రోజూ కాపాడేది పీల్చే మందు. అదేం చేశారు?" అని అడిగింది డాక్టరమ్మ. చీరల కింద ఉందని చెప్పాను. ఆవిడ కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత ఒక అట్టముక్క మీద నేను ఈ మందు వాడుతున్నానని రాసిచ్చి, ఏ డాక్టరు దగ్గరకెళ్ళినా, పన్ను పీకించుకోవడానికెళ్ళినా ముందు ఇది చూపించమంది.

వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "ఈ బిళ్ళలు ఇంకెవరికైనా ఇచ్చారా?" అంది.

కొండమనిషి కొంగున వేసుకున్న ముడి నా కళ్ళముందుకొచ్చింది.

మూడు నెలలు, రోజుకి రెండు. నేను ఆసుపత్రిలో పడి అప్పటికి వారం దాటింది. ఒక సంత పోయింది, రేపో ఎల్లుండో ఇంకోటి. ఆవిడకు ఎవరిస్తారు బిళ్ళలు? ఎవరు చెప్తారు ఒక్కసారి మానకూడదని? ఆ కొండ మీంచి జీపు దాకా మోసుకురావడానికే సగం రోజు పడుతుంది. నేను చంపేశాను ఆవిణ్ణి అనుకున్నాను. వేరే మాటలేం లేవు, అదే మాట. చాటుగా కాదు, వార్డంతా వినేలా ఏడ్చాను. డాక్టరమ్మ ఒక చీటీ రాసిచ్చింది, ఆవిడ దొరకగానే ఎన్ని బిళ్ళలు వెయ్యాలో, ఎంత తొందరగా ఆసుపత్రికి తేవాలో. మా ఆయన్ని ఊరికి పంపాను. సంత నాడు పొద్దుటి నుంచి కొట్టులోనే కూర్చున్నాడట. తిరిగొచ్చి, "రాలేదు. పోయిన సంతకీ రాలేదట" అన్నాడు.

"పైకి వెళ్ళి చూడలేకపోయావా?" అని అరిచాను. ఆయన నేల చూపులు చూశాడు.

నన్ను ఇంటికి పంపిన మర్నాడే కొండెక్కాను. మా అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఈ ఒంటితో ఎక్కడికే? నీకు మతి పోయిందేటే?" అంది. పక్కకి తప్పుకోమన్నాను. పెళ్ళయ్యాక మొదటిసారి ఆవిణ్ణి తప్పుకోమన్నాను, ఆవిడ తప్పుకుంది. బీరువాలోంచి తీసిన పీల్చే మందు నా చేతిలో, నలుగురూ చూసేలా. చీటీ, బిళ్ళలు మా ఆయన జేబులో. దారి పొడుగునా ప్రతి మలుపులో కూలబడ్డాను. ఊళ్ళోకి వెళ్తుంటే ఏడుపులు వినపడతాయేమోనని చెవులు రిక్కించాను.

ఆవిడ వాకిట్లో చాప మీద పిప్పళ్ళు ఎండబెడుతోంది. దగ్గుతోంది. బక్కగా, ఎప్పట్లాగే ఉంది. ముఖంలో పిసరు మార్పు లేదు.

"అప్పా!" అన్నాను. అక్కను పిలిచే ఆ పిలుపు నా నోటికెలా వచ్చిందో నాకే తెలియదు. "బిళ్ళలు... బిళ్ళలు ఒక్కసారి మానకూడదు. ఎన్నాళ్ళయింది మానేసి?"

ఆవిడ కంగారుపడి నన్ను కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. లోపలికెళ్ళి ఒక సొరకాయబుర్ర తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. అందులో నేనిచ్చిన బిళ్ళలన్నీ ఉన్నాయి. ఒక్కటీ మింగలేదు.

"ఇచ్చినోల్ల మనసు నొప్పెట్టకూడదని తీసుకున్నాను సావుకారమ్మా" అంది. "నీ మొకం సూసీసినాక ఎలా మింగుతాను?"

నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియలేదు. రెండూ ఒకేసారి వస్తే నాకు ఆయాసమే వస్తుంది. గొట్టం తీసి పీల్చాను. ఊపిరి కుదుటపడ్డాక అడిగాను, "మరి సంతకెందుకు రాలేదు?"

"ఎలగొత్తాను? నువ్వు పట్నం ఎల్లకముందు సంతలోనే, నా కన్ను తగిలి నీకు సావుబతుకులని మీ అత్త అందరికీ సెప్పింది కదేటి. నా ఆకులు ఎవులూ ముట్టుకోనేదు. బాబుకి తెలీదా?"

బాబు పనసచెట్టు వంక చూస్తున్నాడు. తెలుసు. అందుకే పైకి రాలేదు.

ప్రాణం తీసే మందు చేతిలో పోసిన నేను పుణ్యాత్మురాలిని. ముఖం చూసి నిజం చెప్పిన మనిషి దిష్టికళ్ళది. ఒళ్ళు మండిపోయింది నాకు, మా వాళ్ళ మీద కాదు, ఆ రోజు కొట్టులో అందరికంటే గట్టిగా నవ్విన నా నోటి మీద.

"వచ్చే సంతకి రా అప్పా. మా కొట్టు ముందే కూర్చో. నేనూ నీ పక్కనే కూర్చుని చెప్తాను అందరికీ, మా అత్తగారి ఎదురుగానే" అన్నాను.

ఆవిడ పిప్పళ్ళు కలబెడుతూ అడిగింది, "పట్నంలో డాక్టరమ్మ బతికించిందంట కదా. ఏటి సెప్పిందేటి ఆమె?"

నేను గొంతు సవరించుకున్నాను. ఆవిడకు అర్థమయ్యేలా సులువుగా చెబుదామనుకున్నాను. "ముఖం ఉబ్బింది, మంచిది కాదు, తగ్గించుకోమంది" అన్నాను.

చెప్పాక గానీ అవి ఎవరి మాటలో నాకు వినపడలేదు.

ఆవిడ చెయ్యి పిప్పళ్ళ మీద ఆగిపోయింది. నా వంక చూసింది, మా ఆయన వంక చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. దగ్గు వచ్చినా ఆపకుండా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. మేమిద్దరం తలలు దించుకుని, ఆవిడ నవ్వు అయ్యేదాకా కూర్చున్నాం.